చెక్క లేని పడవ

మార్చి 3

అన్నయ్యా,

ఫోన్‌లో వినపడని మాటలకి కూడా నువ్వు "ఆఁ, సరే" అనేస్తున్నావని వదిన చెప్పింది. ముప్ఫై ఏళ్ళు పడవల షెడ్డులో గ్రైండర్ల మధ్య నిలబడితే చెవులు మిగులుతాయా మరి. అందుకే ఇకమీదట ఉత్తరాలే రాద్దామనుకున్నాను. ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకి అడ్డం కూడా రాలేవు.

సంగతేమిటంటే, మేం పడవ కొన్నాం. పిల్లలకి నీళ్ళ మీద స్కీయింగ్ నేర్పడానికి ఇన్నేళ్ళూ అద్దె పడవతో నెట్టుకొచ్చాం కదా, ఇప్పుడు సొంతది. ఇరవై రెండేళ్ళ పాతదే కానీ చూస్తే అలా అనుకోవు. తెల్లటి ఒళ్ళు, పక్కన ఎర్ర చార, నడిమధ్య ఇంజిన్ పెట్టె, దాని ముందు తాడు కట్టే స్తంభం. ఎంత వేగంగా పోనిచ్చినా వెనక అల పెద్దగా లేవదు. కాళ్ళకి స్కీ పలకలు కట్టుకుని తాడు పట్టుకుని వెనక జారుతూ వచ్చేవాళ్ళకి కావాల్సింది అదే. ఇక్కడి పళ్ళ డాక్టరు అమ్మాడు. కూతురి కోసం ఉంచుకున్నాడట. నడుం నొప్పితో ఇక నడపలేనని మాకిచ్చేశాడు. ఆ అమ్మాయిని మా వేసవి శిబిరంలోనే చేర్పించాడు కూడా.

మీ బావగారి సంబరం చూడాలి. పొద్దున లేస్తూనే కాఫీ కప్పుతో షెడ్డులోకి వెళ్ళి దాని చుట్టూ రెండుసార్లు తిరిగితే గానీ ఆయనకి తెల్లారడం లేదు. "ఇందులో చెక్కముక్క అన్నది లేదు. అడుగు దూలాలతో సహా అంతా ఫైబర్‌గ్లాసే. ఈ మాట మీ సుత్తి అన్నయ్యకి తప్పకుండా రాయి" అన్నారు. కనపడ్డ పడవనల్లా సుత్తితో కొట్టి చూస్తావు కాబట్టి ఆ పేరు పెట్టానంటారు. రెండో అర్థం కూడా ఉందని నాకూ తెలుసు, నీకూ తెలుసు.

ఏప్రిల్ ఇరవైన శిబిరం మొదలు. పన్నెండు మంది చేరారు. వదిన మోకాలు ఎలా ఉందో రాయి.

నీ చెల్లి


మార్చి 11

చెల్లాయ్,

పడవ కొన్నందుకు సంతోషం. కొనేముందు నన్ను ఒక్క మాట అడగనందుకు మాత్రం సంతోషం లేదు.

చెక్కముక్క లేదని ఎవరన్నారు? అమ్మినాయన. ఆయనకెవరు చెప్పారు? ఆయనకి అమ్మినవాడు. వీళ్ళలో అడుగు విప్పి చూసినవాడు ఎవడైనా ఉన్నాడా?

నీకు మామూలు మాటల్లో చెప్తాను. పడవ అడుగున ముందు నుంచి వెనక దాకా రెండు పొడవాటి దూలాలుంటాయి. ఇంజిన్ బరువంతా వాటి మీదే. ఆ కాలంలో వాటిని చెక్కతో చేసి, పైన ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పూసేవాళ్ళు, అది ఆరి పెంకులా గట్టిపడుతుంది. పైకి చూస్తే అంతా ఫైబరే. తర్వాత ఎవడో పడవ నేలని బిగించడానికి ఒక మరమేకు దింపుతాడు. దాని చుట్టూ జిగురు పూయడు. ఆ సందులోంచి దిగిన నీరు బయటికి రాదు, ఆరదు. పదేళ్ళకి లోపల చెక్క నానిన అట్టలా అవుతుంది, పైన పెంకు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను విప్పినవాటిలో కొన్నింటి దూలాలని చేత్తో పిండితే నీళ్ళు కారాయి. ఈ గొడవ చూసి కొందరు చెక్క మానేసి ఫైబర్ దూలాలు చేయడం మొదలుపెట్టారు. మీ పడవ సరిగ్గా ఆ మారే రోజుల్లోది. అటైనా అయ్యుండొచ్చు, ఇటైనా అయ్యుండొచ్చు. చెక్క పెట్టి ఫైబర్ అని అమ్మినా అడిగే నాథుడు లేని రోజులవి.

చెక్క మీద నాకేం పగ లేదు, నేను వడ్రంగిని. నాకు పడనిది చెక్క లేదన్న మాట.

నువ్వొక పని చెయ్యి. ఇంజిన్‌ని దూలాలకి పట్టి ఉంచే బోల్టులు నాలుగుంటాయి. ఒకదాన్ని స్పానర్‌తో తిప్పి చూడు. గట్టిగా పట్టుకుంటే మంచిదే, సులువుగా తిరిగిపోతే అనుమానించు. దాని పక్కనే పెన్సిలంత సన్నటి కన్నం ఒకటి అంగుళం లోతున పెట్టు. తెల్లటి గరుకు పొడి వస్తే ఫైబర్. ఎండిన చెక్క పొట్టు వస్తే చెక్కే, కానీ బాగుంది. నల్లగా, తడిగా, సంచిలో మరిచిపోయిన గుడ్డ వాసనతో వస్తే ఆ పడవని నీళ్ళలోకి దించొద్దు. ఆ వేగంలో బోల్టులు ఊడాయంటే ఇంజిన్ కదిలి అడుగు చీలుతుంది. వెనక తాడు పట్టుకుని ఎవరి పిల్లలో ఉంటారు.

బావగారికి చెప్పకు. తెలిస్తే ఆయన పడవని వదిలేసి నన్ను విప్పుతారు.

మీ వదిన మోకాలు ఆవిడ మాట వినడం లేదు, ఆవిడ డాక్టరు మాట వినడం లేదు.

అన్నయ్య


మార్చి 20

అన్నయ్యా,

ఆయన తాళ్ళు, లైఫ్ జాకెట్లు తేవడానికి రెండు రోజులు ఊరెళ్ళారు. ఆ రెండు రోజుల్లోనే చూశాను. చూడకపోయినా బాగుండేదనిపిస్తోంది.

ఎడమ వైపు వెనక బోల్టు స్పానర్ పెట్టగానే తిరిగిపోయింది. దాని పక్కన నువ్వు చెప్పినట్టే కన్నం పెట్టాను. ముందు కాస్త తెల్ల పొడి వచ్చింది. ఆ తర్వాత డ్రిల్లు దిగబడింది. బయటికి తీస్తే టీ పొడి ముద్దలాంటిది అంటుకుని వచ్చింది. వాసన కూడా నువ్వు రాసిన వాసనే. కాగితంలో చుట్టి నా బీరువాలో దాచాను.

ఇంకో సంగతి ఉంది. దూలాల పక్కనున్న కార్పెట్టు ఎత్తి చూస్తే వాటి పొడుగునా బొటనవేలి గోరంత మచ్చలు కనిపించాయి. ఒక్కో దూలం మీద మూడు చొప్పున మొత్తం ఆరు. పాత తెలుపు మీద కొత్త తెలుపు. ఎవరో కన్నాలు పెట్టి, పూడ్చి, నున్నగా రుద్దారు. ఈ మధ్యనే చేసిన పని.

ఆయన తిరిగొచ్చాక మాటల్లో పెట్టి, కొనేముందు అడుగు చూశారా అని అడిగాను. "చూడాల్సింది చూశాను" అని తాళ్ళు విప్పుతూ కూర్చున్నారు. మామూలుగా ఆ పడవ గురించి ఒక్క మాట అడిగితే పది చెప్పే మనిషి. పనిముట్ల అలమారలో బిస్కెట్ల డబ్బా ఒకటుంది. నేను లోపలికి వెళ్ళేసరికి దాన్ని వెనక్కి నెట్టి తాళం వేశారు. పదహారేళ్ళ కాపురంలో ఆ అలమారకి తాళం ఉందన్న సంగతే నాకు తెలీదు.

ఏమనుకోవాలో నువ్వే చెప్పు.

చెల్లి


మార్చి 27

చెల్లాయ్,

అనుకోవడానికేముంది. ఇలాంటివి నేను ఎన్ని చూశాను. దూలం కుళ్ళిందని తెలిశాక విప్పి మార్చాలంటే నెలన్నర పని. అంత ఓపిక లేనివాడు వరసగా కన్నాలు పెట్టి, పల్చటి రెజిన్ పోసి, మూసి, రంగేస్తాడు. నాలుగు నెలలు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. ఆలోగా పడవ చెయ్యి మారిపోతుంది. నీ ఆరు మచ్చలూ అవే. పళ్ళ డాక్టరు కదా, పుచ్చినవాటిని పూడ్చడం ఆయనకి రోజూ ఉన్న పనే.

బావగారి విషయం రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయక తప్పదు. ఆ మచ్చలు కార్పెట్టు ఎత్తితే కనపడేవే. రోజుకి రెండుసార్లు దాని చుట్టూ తిరిగే మనిషి చూసి ఉండడా? కొన్నాక తెలుసుకుని, పరువు పోతుందని ఊరుకున్నారేమో. లేదా ముందే తెలిసి, శిబిరం అయ్యాక చూసుకుందామనుకున్నారేమో. ఆ డబ్బాలో ఏముందో చూడు.

ఏది ఏమైనా ఆ పడవలో పిల్లలెవరూ ఎక్కకూడదు. నా మాటగా కాదు, నీ డ్రిల్లుకి అంటుకున్న ముద్ద మాటగా చెప్తున్నాను.

అన్నయ్య


ఏప్రిల్ 5

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివిన మధ్యాహ్నమే డాక్టరు క్లినిక్‌కి వెళ్ళాను. ఆయన ఇంటికి వెళ్ళాల్సింది. కానీ అప్పటికి నా కాళ్ళు నా మాట వినే స్థితిలో లేవు. బయట గదిలో నలుగురున్నారు, ఒకాయన బుగ్గలో దూదితో కూర్చున్నాడు. వాళ్ళందరి ముందు కాగితం పొట్లం విప్పి బల్ల మీద పెట్టి, చెక్క పెట్టి ఫైబర్ అని అంటగడతారా, కుళ్ళుని రెజిన్‌తో కప్పి పిల్లల ప్రాణాలతో ఆడుకుంటారా అని అడిగాను. నా గొంతు నీకు తెలుసుగా.

ఆయన మాస్కు తీసి పొట్లం వంక చూశాడు. గొంతు పెంచలేదు. "నాకు తెలిసి నేను చెప్పింది నిజమే. కాదని తేలితే పడవ వెనక్కి తీసుకుంటాను. మీరు మాత్రం ఈ మాట మా ఇంటికొచ్చి అడగాల్సిందండీ" అన్నాడు. మర్నాడు పొద్దున్నే, తమ అమ్మాయి శిబిరానికి రాదని చీటీ పంపాడు.

ఆ చీటీ మీ బావగారి చేతికందింది. ఏం జరిగిందని అడిగితే అంతా చెప్పాను, నీ ఉత్తరాలతో సహా. ఆయన వెళ్ళి ఆ బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. లోపల ఆరు చిన్న పొట్లాలు. ఒక్కోదాని మీద ఏ దూలం, ముందు నుంచి ఎన్ని అడుగుల దూరం, ఏ రోజు అని రాసి ఉంది. అన్నింటిలోనూ తెల్లటి గరుకు పొడి, ఫైబర్ దూలాల లోపల నింపే పసుపు రంగు ఫోము తుంపులు కాస్త. చెక్క పొట్టు ఒక్క నలుసు లేదు.

నడిపి చూసుకోండని డాక్టరు పడవని రెండు రోజులు మా దగ్గర వదిలాడట. అప్పుడు నేను అక్కయ్య ఇంట్లో ఉన్నాను. ఆ రెండు రోజుల్లో ఈయన ఆరు కన్నాలు పెట్టి, చూసుకుని, పూడ్చారు. "ఆయన పడవకి ఆయనకి చెప్పకుండా కన్నాలు పెట్టాను. పెద్దమనిషి నమ్మి వదిలితే నేను చేసిన పని అది. ఎలా చెప్పుకోను?" అన్నారు. నాకెందుకు చెప్పలేదంటే, "మీ అన్నయ్య ఏళ్ళ తరబడి చెప్తున్నదే చేశాను. ఆ మాట ఆయన చెవిన పడితే ఇక బతికినంతకాలం వినలేక చావాలి" అన్నారు.

మరి నా పొట్లంలో ముద్ద ఎక్కడిదని అడిగాను. ఫైబర్ దూలాల్లో కూడా బోల్టు పట్టుకోవడానికి ఇంజిన్ కింద మాత్రం చిన్న చెక్క దిమ్మలు పెట్టి ఫైబర్‌లో మూసేసేవాళ్ళట. అందులో ఒకటి తడిసింది. దిమ్మ తీసి వేరేది పెడితే సరిపోతుందట. అది తడిసిందని ఆయనకి తెలియలేదు, ఎందుకంటే ఆయన దూలాల్నే చూశారు. నేనేమో సరిగ్గా ఆ దిమ్మ మీదే కన్నం పెట్టాను. ఎందుకంటే నువ్వు అక్కడే పెట్టమన్నావు.

ఆఖరున ఆయన ఒకటన్నారు. "ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేసినవాడికి బోల్టు కింద దిమ్మ ఉంటుందని తెలీదా?" అన్నారు. నీకు తెలుసా, అన్నయ్యా?

చెల్లి


ఏప్రిల్ 13

చెల్లాయ్,

క్లినిక్‌కి వెళ్ళమని నేను రాయలేదు. నా ఉత్తరాలు మళ్ళీ చదువుకో.

దిమ్మ సంగతి నాకు తోచలేదు. అన్ని పడవలూ ఒక్కలా చెయ్యరు. బావగారి డబ్బా గురించి కూడా ఒకటి అడగాలి. ఆయన ఎంత లోతుకి కన్నం పెట్టారు? పైన ఫైబర్ పెంకు అర అంగుళం దాకా ఉంటుంది. అక్కడికే ఆపేస్తే చెక్క దూలం మీద పెట్టినా తెల్ల పొడే వస్తుంది. ఫోము అంటావా, నేల కింద ఖాళీల్లో ఫోము అన్నిట్లోనూ ఉంటుంది. పొట్లాల మీద అడుగులు రాశారు, లోతు రాశారా?

దిమ్మలు నాలుగూ తీయండి, ఒక్కటే కాదు. తీసిన చోట నాలుగు రోజులు ఆరనిచ్చి, ఫైబర్ ముక్కలు కలిపిన రెజిన్ ముద్ద నింపండి.

అన్నయ్య


ఏప్రిల్ 24

అన్నయ్యా,

మూడు అంగుళాలు. డ్రిల్లు మీద మూడు అంగుళాల దగ్గర చుట్టిన నల్ల టేపు ఇప్పటికీ అలాగే ఉంది. నీ ప్రశ్న ఆయనకి చదివి వినిపించాను. కోప్పడతారనుకున్నాను. నవ్వి, "రాయి, స్కేలు పెట్టి కొలిచామని రాయి" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాలుగు దిమ్మలూ తీశారు. రెండు తడిసి ఉన్నాయి, రెండు పొడిగా ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే నింపి కొత్త బోల్టులు బిగించారు. వచ్చే నెల నాలుగో తారీకు దాకా పిల్లలకి ఒడ్డు మీదే పాఠాలు అనుకున్నాం కానీ, మొన్ననే పడవ నీళ్ళలోకి దిగింది. ముందు మేమిద్దరమే గంటసేపు తిప్పాం. ఇంజిన్ వెంట్రుకవాసి కదల్లేదు.

డాక్టరు ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. కన్నాల సంగతి తనే స్వయంగా చెప్పుకుంటానని మీ బావగారు కూడా వచ్చారు. ఇద్దరం సోఫా అంచున కూర్చుని వంతులేసుకుని తప్పులు ఒప్పుకున్నాం. డాక్టరు అంతా విన్నాడు. "నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఒక పన్ను చూపించి ఇదే నొప్పి అంటారు. చూస్తే పాడైంది దాని పక్కది. అందుకని వాళ్ళు చూపించింది పీకేయలేం కదండీ" అన్నాడు. కూతురి గురించి మాత్రం, రమ్మననూ వద్దననూ, దాని ఇష్టం అన్నాడు. మూడో రోజు ఆ అమ్మాయే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి వరసలో నిలబడింది.

బయటి గొడవ అలా సర్దుకుంది. ఇంట్లోది సర్దుకోలేదు. ఇప్పుడు నేను షెడ్డులోకి వెళ్తే ఆయన చేస్తున్న పని ఆపి, చేతులు తుడుచుకుని, పక్కకి జరిగి నిలబడుతున్నారు. చూసుకో అన్నట్టు. అలమార తాళం చెవి తీసుకొచ్చి వంటగదిలో మేకుకి తగిలించారు. నేను వెళ్ళి తీసుకోలేను, తీసి పారేయలేను.

నేను నీ మాట విని మా ఆయన్ని అనుమానించాను. అది నా తప్పే, నీ మీద తోసేయను. కానీ ఒకటి అడుగుతాను. మన నాన్న వడ్రంగమే చేశాడు. చెక్క తెచ్చినవాడు మంచిదంటే, ఒకసారి తడిమి చూసి నమ్మేవాడు. నువ్వూ అలాగే ఉండేవాడివి. నా పెళ్ళిలో మీ బావగారి గురించి ఒక్క ఆరా తీయకుండా "కుర్రాడు మంచోడు" అన్నది నువ్వే. ఎవరి మాటా నమ్మకుండా నువ్వు ఎప్పుడు మారావు? ఎందుకు?

జవాబు రాయకపోతే నేనే అక్కడికొస్తాను.

చెల్లి


మే 4

చెల్లాయ్,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. మీ వదినకి కూడా చెప్పని సంగతి ఇది. రాసి, చింపి, మళ్ళీ రాస్తున్నాను.

పదకొండేళ్ళ క్రితం ఇక్కడ ఫొటో స్టూడియో నడిపే ఆయన తన స్కీ పడవ మా షెడ్డుకి తెచ్చాడు. దూలాలు పూర్తిగా కుళ్ళిపోయాయి. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ నీళ్ళ మీద పిచ్చి ఉన్నవాళ్ళు. మళ్ళీ జన్మలో అడుగు విప్పే పని ఉండకూడదు, మొత్తం ఫైబర్‌తో చెయ్యండని అడిగాడు. అప్పటి మా యజమాని సరేనన్నాడు. ఫైబర్ దూలాలకి అచ్చు కట్టాలి, అందుకు తగ్గ మందపాటి గుడ్డ రావాలి. ఆ గుడ్డ రాలేదు. వారాలు గడిచాయి. ఒకరోజు యజమాని, "నువ్వు వడ్రంగివి కదా, చెక్క పెట్టి చుట్టెయ్. పైన కనపడేది ఎలాగూ ఫైబరే" అన్నాడు.

పెట్టాను. మంచి చెక్కే ఏరి పెట్టాను. ప్రతి మర కన్నంలోనూ జిగురు నింపాను. అలా అనుకుంటూ పదకొండేళ్ళు గడిపాను. కానీ పని అయ్యాక ఇచ్చే కాగితం మీద "దూలాలు: పూర్తిగా ఫైబర్‌గ్లాస్" అని రాసింది నా చెయ్యే. కింద సంతకం కూడా నాదే. యజమాని పోయాడు. సంతకం ఉంది.

ఆ పడవ ఏటా నా దగ్గరికే వస్తుంది. ఏటా నేను సుత్తితో తట్టి చూసి, బాగుందండీ అంటాను. ఆయన తలూపి తీసుకెళ్తాడు. అప్పటి నుంచీ ఏ పడవని చూసినా కొట్టి చూడకుండా ఉండలేను. ఎవడైనా చెక్క లేదంటే నాకు నా అక్షరాలే కనపడతాయి. ఇంత నమ్మకంగా రాయగలిగినవాణ్ణి నేను ఉన్నప్పుడు, మిగతావాళ్ళు ఉండరా అనిపిస్తుంది.

దిమ్మల సంగతి నాకు తెలుసు. అలాంటివి రెండో మూడో చూశాను. నీకు రాసేటప్పుడు గుర్తొచ్చింది కూడా. కానీ ఆ డాక్టరు అబద్ధమాడాడనే నాకు కావాలనిపించింది. బావగారు కూడా. అందరూ అలాంటివాళ్ళే అయితే నేను ఒక్కణ్ణే కానని అనుకోవచ్చు కదా.

బావగారికి ఈ ఉత్తరం చూపించు. క్షమించమని నేను అడగలేను, నా తరఫున నువ్వు అడుగు.

అన్నయ్య


మే 12

అన్నయ్యా,

చూపించాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. తర్వాత, "ఆ స్టూడియో ఆయన భార్య కూడా ఆ పడవలో ఎక్కుతుందా?" అని అడిగారు. అంతే అన్నారు. నీ మీద ఒక్క మాట అనలేదు. మేకు మీదున్న తాళం చెవి మాత్రం తీసి జేబులో వేసుకుని షెడ్డుకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. పక్కకి జరగలేదు. స్పానర్ అందివ్వమన్నారు.

నేను రాయాల్సింది ఒక్కటే. ఈ ఉత్తరం చదివిన రోజే వెళ్ళి చెప్పు. చెక్క బాగుందో లేదో ముందు చూసుకుని చెబుదామని ఆగకు. బాగుంటే చెప్పాలనిపించదు, పాడైతే చెప్పడానికి ధైర్యం చాలదు. నువ్వెలాంటివాడివో నాకు తెలుసు.

చెల్లి


జూన్ 9

చెల్లాయ్,

ఆలస్యమైంది, చేతినిండా పని. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే వెళ్ళాను. స్టూడియో మూసేసే వేళ. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు, ఆవిడ ఫొటోలకి ఫ్రేములు కడుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గుడ్డ రాకపోవడం, యజమాని మాట, నా సంతకం, అన్నీ.

ఆయన లేచి, సొరుగు లాగి, ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఫొటో. నేల విప్పిన పడవ, దూలం పక్కన చిన్న కన్నం, అరచేతిలో చెక్క పొట్టు. వెనక తేదీ ఉంది. ఆరేళ్ళ కిందటిది. వేరే ఊళ్ళో ఎక్కడో రాయి తగిలితే అక్కడి షెడ్డులో విప్పించాడట. అప్పుడే తెలిసింది.

"మరి ఇన్నేళ్ళూ నా దగ్గరికే ఎందుకు తెచ్చారు?" అన్నాను.

"ఈ ఏడైనా చెప్తావేమోనని" అన్నాడు.

మిగతాది ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది. ఏటా నేను సుత్తితో తట్టి బాగుందన్నప్పుడల్లా, ఆయన ఇంటికొచ్చి "ఈసారీ చెప్పలేదు" అనేవాడట. ఆ ఆరేళ్ళూ ఆవిడ పడవ ఎక్కలేదు. స్కీలు అటక మీద పెట్టేసింది.

దూలాలు మార్చి ఇస్తానన్నాను, ఈసారి నిజంగా ఫైబర్‌తో. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ చేతిలో ఫ్రేము పక్కన పెట్టింది. "సరే. కానీ ఈసారి మేం పక్కన కూర్చుని చూస్తాం" అంది.

నేల విప్పితే ఎడమ దూలం బాగుంది. కుడి దూలం ఇంజిన్ వెనక జానెడు మేర నల్లబడింది. వేలితో నొక్కితే దిగింది. నేను ప్రతి మరకీ జిగురు నింపానని నీకు రాశాను కదా. ఒకటి వదిలేశాను. చుట్టూ పొడి చెక్కే ఉండి, ఆ ఒక్క మర చుట్టూ నలుపు. వాళ్ళిద్దరికీ చూపించాను. మరో రెండేళ్ళు నడిచేదేమో. లేదేమో.

అప్పటి నుంచీ రోజూ పదింటికి రెండు మడత కుర్చీలు వేసుకుని షెడ్డులో కూర్చుంటున్నారు. ఆయన ప్రతి పొరకీ ఫొటో తీస్తాడు. ఆవిడ రెజిన్ డబ్బా మీద అక్షరాలు చదివి, ఇది దేనికని అడుగుతుంది. చెప్తాను. అచ్చులోంచి కొత్త దూలం తీసినప్పుడు ఆవిడ దాన్ని అటు నుంచి ఇటు దాకా చేత్తో తడిమి చూసింది. తోటి పనివాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు. ఎందుకిలా చేస్తున్నానో వాళ్ళకీ చెప్పాను. ఇప్పుడు నవ్వడం లేదు. మీ వదినకి కూడా చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, స్టూడియో ఆవిడ కుర్చీలో వేసుకోవడానికని ఒక దిండు పంపింది.

నిన్న పదిన్నరైనా వాళ్ళు రాలేదు. దూలాలు అడుక్కి అతికించి పొర వేసి మూసేసే రోజు నిన్న. రెజిన్ కలిపితే అరగంటలో గట్టిపడుతుంది. ఒకసారి మూశాక లోపల ఏముందో ఇక ఎవరికీ కనపడదు. మా షెడ్డు కుర్రాళ్ళు కానిచ్చేద్దామన్నారు. నేను డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. స్టూడియోకి ఎవరో పెళ్ళివాళ్ళు వస్తున్నారట, సాయంత్రం వస్తాం, మీరు కానివ్వండి అన్నాడాయన.

కాదండీ, మీరొచ్చి కూర్చున్నాకే మూస్తానని చెప్పి, వాళ్ళు బయల్దేరేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

అన్నయ్య